కార్ పార్కు వైపు నుంచి

పదకొండేళ్ళుగా
ఎల్డర్‌థార్ప్ హాల్‌కి మనుషుల్ని తోలుకొస్తున్నాను.
లోపలికి మాత్రం ఎన్నడూ పోలేదు.

రోథరమ్‌లో ఎనిమిదింటికి ఎక్కుతారు.
ముప్పై ఎనిమిది మంది, నాలుగు చేతికర్రలు, ఒక చక్రాల కుర్చీ,
లెక్కలేనన్ని శాండ్‌విచ్ డబ్బాలు.
పదిన్నరకి రాతి గేటు దగ్గర దింపేసి
కంకర మీద బండి తిప్పుకుని
కోచ్‌లకని రాసున్న చోట ఆపుకుంటాను.
తర్వాత ఫ్లాస్కులో టీ, పేపర్లో గుర్రప్పందాలు,
సీటు వెనక్కి వాల్చి ఓ కునుకు.

ఆ భవనం నాకు వాళ్ళ తిరుగు ప్రయాణంలోనే తెలుసు.
బూట్లకి అంటిన మట్టిని బట్టి
గులాబీ తోట దాకా వెళ్ళారో
టీ గదిలోనే కూలబడ్డారో చెప్పగలను.
సీట్ల కింద ఊడిస్తే కేకు పొడి, నలిగిన మ్యాపులు,
ఒకసారి నెమలీక. ఎవరూ తమది అనలేదు.
"నూట నలభై గదులంట డెస్మండ్,
ఊడ్చేవాళ్ళ నడుములు ఏమైపోయాయో!"
అంటారు ప్రతిసారీ ఎవరో ఒకరు.
ప్రతిసారీ నేను మొదటిసారి విన్నట్టు తలాడిస్తాను.

ఇవాళ వినిఫ్రెడ్ హాక్స్‌వర్త్ కర్ర మర్చిపోయింది.
పన్నెండో సీటు పక్కన, బాతు తల పిడి ఉన్న కర్ర.
అది లేకుండా ఆవిడ ఎంత దూరం పోగలదు?
ఫ్లాస్కుకి మూత బిగించి దిగాను.

టికెట్ బల్ల దగ్గర అమ్మాయి నా యూనిఫాం చూసి
"డ్రైవర్లకు ఊరికేనండీ, ఎప్పుడూ ఊరికేనే" అంది.
పదకొండేళ్ళు!
ఈ ముక్క చెప్పిన పాపాన ఎవరూ పోలేదు.
నేనూ అడిగిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

లోపల మైనం వాసన, పాత తివాచీల వాసన.
ఎర్ర తాడొకటి గదిని రెండుగా కోస్తూ:
అటు కుర్చీలు, ఇటు మనం.
ఎవరూ కూర్చోకుండా ఒక్కో కుర్చీలో
ఒక్కో ఎండిన ముళ్ళకాయ పెట్టారు.
మర్యాదగా వద్దనడమంటే ఇదేనేమో.

వంటింటి నడవాలో గోడ మీద గంటల వరుస,
ఒక్కోదాని కింద ఒక్కో గది పేరు.
నా స్టీరింగు పక్కనా ఒక దీపం వెలుగుతుంది,
వెనకెవరైనా బటన్ నొక్కితే.
కాసేపు నిలబడ్డాను.
ఒక్కటీ మోగలేదు.
మోగుతుందేమోనని కాళ్ళు మాత్రం సిద్ధంగానే ఉన్నాయి.

వినిఫ్రెడ్ మేడమీది పొడుగాటి గదిలో దొరికింది.
కూర్చోకూడదని రాసిన కిటికీ దిమ్మ మీదే కూర్చుని ఉంది.
కాపలా ఉన్న టై ముసలాయన
చూడనట్టు ఎటో చూస్తున్నాడు.
"కర్ర తెచ్చావా, మంచివాడివి. ఇటు చూడు" అంది.

పచ్చిక జారుకుంటూ పోయి చెరువులో కలిసింది.
దూరాన ఆవులు. గోడ లేదు, కంచె లేదు.
"మరి ఆవులు పూలు మేసేయవా?"
ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు టై ఆయన ముందుకొచ్చాడు.
"గోడని పల్లంలోకి దింపి కట్టారండీ.
ఇక్కణ్ణుంచి అంతా ఒకటే పచ్చిక.
దగ్గరికొస్తే గానీ ఆవుక్కూడా తెలీదు."

నేను నా బస్సు కోసం వెతికాను.
పడమటి కిటికీలోంచి, దాని పక్కదాంట్లోంచి, ఆఖరుదాంట్లోంచి.
పన్నెండు మీటర్ల తెల్లటి బస్సు,
నా టీ, నా కోటు ఉన్న బస్సు.
నల్లటి యూ చెట్లు తప్ప ఏమీ లేవు.
"అవి మూడో ప్రభువుగారు నాటించినవి,
గుర్రపుశాలలూ బొగ్గు బళ్ళూ కంటపడకుండా."
బాగా ఎదిగాయి చెట్లు.

నాలుగింటికి తలలు లెక్కపెట్టాను. ముప్పై ఏడు.
మళ్ళీ లెక్కపెట్టాను. ముప్పై ఏడు.
అప్పుడు ఆ యూ చెట్ల సందులోంచి
కర్ర ముందు, వినిఫ్రెడ్ వెనక.
టోపీ నిండా ఆకులు.
"అడ్డదారి" అంది ఆయాసపడుతూ.
చేతిసంచిలో తడి కాగితం చుట్టిన కొమ్మొకటి తొంగిచూస్తోంది.
"నీ కళ్ళు రోడ్డు మీద పెట్టు" అంది.
పెట్టాను.

చెస్టర్‌ఫీల్డ్ దాటాక వాన.
"నూట నలభై గదులంట డెస్మండ్..."
వెనకనుంచి ఎవరో మొదలెట్టారు.
"గంటలు ఇరవయ్యేడు" అన్నాను.
వైపర్ల చప్పుడు తప్ప
బస్సులో కాసేపు ఏమీ వినబడలేదు.